ఎన్ని వారాల దగ్గు

నేపర్‌విల్,
మార్చి 9

ప్రియమైన లూసీ వదినకి,

జోసఫిన్ వందనాలు. శ్రమల కాలం నలభై రోజులూ ఫోన్ ముట్టనని మీరు తీర్మానం చేసుకున్నారని అన్నయ్య చెప్పాడు. లోకంలో అందరూ మాంసం మానేస్తారు, కాఫీ మానేస్తారు. మీరు ఏకంగా ఆడపడుచునే మానేశారు. ఉత్తరం రాస్తే మాత్రం చదువుతానన్నారట, అందుకే ఇది. స్టాంపు ఏ మూల అంటించాలో మా ఆయన నోయెల్‌ని అడిగితే, ఆయన ఫోన్‌లో వెతికి చెప్పారు. ఇరవై రెండేళ్ల అమెరికా కాపురం మాది.

ఇక కబురు. పరీక్ష పోయింది. డెబ్బై రావాలి, అరవై ఏడు వచ్చింది. క్లినిక్ ఫ్రంట్ డెస్క్‌లో కూర్చుని పదకొండేళ్లుగా "ఇన్సూరెన్స్ కార్డ్ ఇవ్వండి" అని అడిగింది ఇక చాలు అనుకుని, కోడింగ్‌లోకి మారదామని కదా ఈ పరీక్ష. మీకు చాలాసార్లు చెప్పాను, మీరు వినలేదు, మళ్లీ చెబుతున్నాను. డాక్టర్ రోగిని చూసి జబ్బు రాస్తాడు. ఆ మాటలకి సరిపోయే నంబర్ మేం వేస్తాం. ఆ నంబర్ చూసి ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకుంటారో లేదో చెబుతారు. అంతే.

నన్ను ముంచింది ఊపిరితిత్తుల సెక్షన్. డాక్టర్ "బహుశా ఆస్తమా" అని రాస్తే, వచ్చి చూపించుకుని వెళ్లిపోయే రోగి విషయంలో ఆ బహుశాకి నంబర్ వేయకూడదు. దగ్గుతో వస్తే దగ్గు అనే వేయాలి. నేను అలాంటి ప్రశ్నలన్నిటికీ ఆస్తమా అని వేసి వచ్చాను. ఆ లక్షణాలు చదివితే చంటిపిల్లకి కూడా ఆస్తమా అని తెలుస్తుంది వదినా. కానీ తెలిసింది వేయడం మా పని కాదట. మాకు పాఠం చెప్పే మైత్రి ఇక్కడే పుట్టిన పాతికేళ్ల పిల్ల. "ఆంటీ, మీరు డాక్టర్ రాసిన నోట్‌లో లేంది కూడా చదివేస్తారు, స్టాప్ దట్" అంది. ఆ పిల్ల మాట నన్ను బాగానే గుచ్చింది.

జూన్‌లో మళ్లీ రాస్తాను. మీరు ప్రార్థన చేయండి, దానికి ఫోన్ అక్కర్లేదు.

మీ ఆడపడుచు,
జోసఫిన్


షాంటిలీ,
మార్చి 20

ప్రియమైన జోసఫిన్‌కి,

మూడు మార్కులకి ఇంత గోలా? డిగ్రీలో నాకు లెక్కలు రెండుసార్లు పోయాయి, అయినా మీ అన్నయ్య నన్ను చేసుకున్నాడు. ఆ సంగతి పెళ్లయ్యాక చెప్పాననుకో.

నీకు కావలసింది ప్రాక్టీసు. మా డేకేర్ పిల్లల ముక్కుల గురించి రాద్దామనుకున్నాను గాని, అక్కడ పిల్లల పేర్లు బయటికి చెబితే ఉద్యోగం పోతుంది. మన తెలుగు సంఘంలో మాత్రం ఎవరి జబ్బు ఏమిటో ఆరాధన ముగిసి బిర్యానీ వడ్డించే లోపు అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి కేసులు నేను పంపుతాను, నువ్వు నంబర్లు వేసి పంపు.

మొదటిది, పాస్టర్‌గారు. మూడు రోజుల ఉజ్జీవ కూటాలయ్యాక గొంతు పూర్తిగా పోయింది. డాక్టర్ చూసి స్వరపేటిక వాచిందని రాశాడు. పోయిన ఆదివారం ప్రసంగం పన్నెండు నిమిషాల్లో ముగిసింది. సంఘం ఆయన ఆరోగ్యం కోసం ప్రార్థించింది గాని, ఆ ప్రార్థనలో అంత పట్టుదల వినిపించలేదు.

రెండోది, మా పక్కింటి కృష్ణమోహన్‌గారు. చెట్ల పుప్పొడి కార్ల మీద పచ్చగా పడటం మొదలైతే చాలు, ఆయన వరసగా పదకొండు తుమ్ములు తుమ్ముతారు. నేను వంటింట్లోంచి లెక్కపెట్టాను. పుప్పొడి అలర్జీ అని డాక్టర్ ఎప్పుడో రాసిచ్చాడట.

మూడోది, మా క్వాయర్‌లో ఒక సహోదరి. వయసు యాభై పైన. పొడి దగ్గు. పాడితే ఎక్కువ, నవ్వితే ఇంకా ఎక్కువ. డాక్టర్‌కి చూపించుకోలేదు. మనిషి శుభ్రంగానే తిరుగుతోంది.

మీ అన్నయ్య బాగున్నారు. నేను బాగున్నాను.

నీ వదిన,
లూసీ


నేపర్‌విల్,
ఏప్రిల్ 4

ప్రియమైన వదినకి,

మీ కేసులు చదివి నోయెల్ నవ్వుతుంటే, రైల్లో పక్కన కూర్చున్నావిడ సీటు మారిందట. నేను మాత్రం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

పాస్టర్‌గారికి జె 04.0. అది కేవలం స్వరపేటిక వాపు, ప్రసంగం నిడివికి వేరే నంబర్ లేదు. కృష్ణమోహన్‌గారికి జె 30.1, పుప్పొడి వల్ల వచ్చే ముక్కు అలర్జీ. తుమ్ములు పదకొండైనా నూటపదకొండైనా నంబర్ అదే.

సహోదరి దగ్గర పెన్ను ఆగింది. నిజం చెప్పాలంటే మొదట ఆస్తమా అని వేశాను. వెంటనే మైత్రి ముఖం గుర్తొచ్చి కొట్టేశాను. డాక్టర్ చూడలేదు, ఏమీ రాయలేదు, కాబట్టి నా చేతిలో ఉన్నది దగ్గు ఒక్కటే. దగ్గులో కూడా మెట్లున్నాయి. మూడు వారాల లోపలిదైతే ఆర్ 05.1. మూడు నుంచి ఎనిమిది వారాల మధ్యదైతే 05.2. ఎనిమిది వారాలు దాటితే 05.3, పాతబడిన దగ్గు. మీరు వారాలు రాయలేదు. వారాలు లేని దగ్గుకి నేను ఏ నంబరూ సరిగా వేయలేను. ఆవిడని అడిగి రాయండి.

ఇంకో మాట. పాతబడిన దగ్గుని డాక్టర్‌కి చూపించుకోకపోవడం మంచిది కాదని ఆవిడతో చెప్పండి. ఇది కోడింగ్ కాదు, మామూలు బుద్ధి.

జోసఫిన్


షాంటిలీ,
ఏప్రిల్ 24

ప్రియమైన జోసఫిన్‌కి,

ఈస్టర్ బాగా జరిగింది. ఫోన్ ఉపవాసం ఇంకో యాభై రోజులు, పెంతెకొస్తు పండుగ వరకు పొడిగించాను. అలా చేయకూడదని వాక్యంలో ఎక్కడా లేదు, చూసుకున్నాను. పైగా ఉత్తరాల్లో నువ్వు నాకు అడ్డు రాలేవు. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి నా మాట చివరి దాకా విన్నావు.

సహోదరిని అడిగాను. డిసెంబర్ ముప్పై ఒకటి రాత్రి ఆరాధన నుంచి మొదలైందట. ముందు జలుబు వచ్చింది, జలుబు పోయింది, దగ్గు మిగిలింది. గుడ్ ఫ్రైడే నాడు మూడో చరణానికి వచ్చేసరికి ఛాతీ బిగుసుకుపోయి, చివరి రెండు చరణాలకీ పెదవులు మాత్రమే కదిపింది. పక్కన నిలబడినవాళ్లు కనిపెట్టలేదు. కింది స్వరం పాడే మా ఆల్టోలు ఎవరి గొంతు వాళ్లే వింటారు.

ఇంట్లోవాళ్లు కంగారుపడతారని దగ్గొచ్చినప్పుడల్లా గరాజ్‌లోకి వెళ్లి, తలుపేసుకుని, దగ్గు ఆగాక చేతిలో ఏదో ఒక వస్తువు పట్టుకుని తిరిగొస్తుందట. మొన్న అలా మంచు తోసే పార పట్టుకొచ్చి నడింట్లో నిలబడింది. ఏప్రిల్ నెలలో పార ఎందుకని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదో మరి.

ఇప్పుడు నంబర్ వేసుకో.

లూసీ


నేపర్‌విల్,
మే 3

వదినా,

ఆ పార మీరు ఎక్కడ పెట్టారు?

ఆవిడ పెదవులు మాత్రమే కదిపిందని పక్కవాళ్లే కనిపెట్టలేదని రాశారు. మరి మీకెలా తెలిసింది? గరాజ్ తలుపు వేసుకున్నాక లోపల ఏం జరుగుతుందో తెలిసిన మనిషి ఒక్కరే ఉంటారు. ఫోన్ ఉపవాసం ఎందుకో కూడా ఇప్పుడు అర్థమైంది. ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడితే మీ దగ్గు నాకు వినిపించేది.

అన్నయ్యకి ఫోన్ చేశాను. వదిన గరాజ్‌లోకి ఎందుకు వెళ్తుంది అని అడిగాను. వాషింగ్ మెషిన్ అక్కడే ఉంది కదమ్మా అన్నాడు. జయరాజు అనే మనిషికి చెల్లెలిగా పుట్టినందుకు నాకేదైనా సర్టిఫికెట్ రావాలి.

నోట్‌లో లేనిది చదవకూడదని పరీక్ష కోసం మూడు నెలలుగా నేర్చుకుంటున్నాను. మీ విషయంలో ఆ రూలు నాకొద్దు. నాలుగు నెలల దగ్గు వదినా. అది ఆర్ 05.3. ఆ నంబర్ వేయగలను గాని, దాని వెనక ఏముందో వేయలేను. దానికి డాక్టర్ కావాలి. ఈ వారమే వెళ్లండి. వెళ్లకపోతే నోయెల్‌ని కారు తీయమంటాను. పదకొండు గంటల డ్రైవ్, దారంతా ఆయన ప్రసంగాల క్యాసెట్లు పెడతారు, ఆ పాపం మీదే.

జోసఫిన్


షాంటిలీ,
మే 12

అమ్మా జోసఫిన్,

వెళ్లాను. శనివారం పొద్దున డేకేర్ పక్కనున్న క్లినిక్‌కి వెళ్లాను. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, వరసలో కూర్చుంటే చాలు. నా ముందు బీన్ గింజ ముక్కులో దూర్చుకున్న పిల్లాడొకడు ఉన్నాడు. వాడితో పోలిస్తే నేను చాలా ఆరోగ్యంగా కనిపించాను.

డాక్టర్ వీపు మీద స్టెతస్కోప్ పెట్టి విన్నాడు. అంతా క్లియర్ అన్నాడు. సిరప్ రాశాడు. వచ్చేటప్పుడు ఇచ్చిన కాగితం కాపీ తీసి ఇందులో పెడుతున్నాను, నీకు కాగితాలంటే ఇష్టం కదా. ఇక నోయెల్‌ని కారు లోపల పెట్టమను. క్యాసెట్లు వినే బాధ నాకు తప్పింది, దేవునికి స్తోత్రం.

నువ్వు చదువుకో. పరీక్ష దగ్గరికొచ్చింది.

లూసీ


నేపర్‌విల్,
మే 18

వదినా,

మీరు కాగితం కాపీ పంపినందుకు థాంక్స్. చివర్లో చిన్న అక్షరాల్లో ఏముందో చూశారా? ఆర్ 05.1.

మీరు చూసి ఉండరు. చూస్తే పంపేవారు కాదు. ఆ నంబర్ మూడు వారాల లోపు దగ్గుకి. ఆ డాక్టర్ తప్పేమీ లేదు. పైన ఆయన రాసిన లైన్ కూడా చదివాను. "రోగి చెప్పిన ప్రకారం రెండు వారాలుగా దగ్గు." రోగి అలా చెప్పింది. రెండు వారాల దగ్గుకి ఎవరైనా సిరప్ ఇచ్చే పంపుతారు. నాలుగు నెలల దగ్గంటే ఎక్స్‌రే తీసేవారు.

ఇంతకాలం రోగి అబద్ధం చెబితే ఏమవుతుందో పుస్తకంలోనే చదివాను. ఇవాళ ఆ రోగి మా వదిన. బ్రేక్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. ఫోన్ ఆరుసార్లు చేశాను, మీరు ఎత్తలేదు.

మీరు రాసిన ఉత్తరాలన్నీ కాపీ తీసి పంపుతున్నాను. ఏ రోజు ఏం జరిగిందో మీ చేతిరాతలోనే ఉంది. వీటిని తీసుకెళ్లి ఊపిరితిత్తుల డాక్టర్ చేతిలో పెట్టండి. ఎందుకు అబద్ధం చెప్పారో మాత్రం నాకు రాయండి. తిట్టను.

జోసఫిన్


షాంటిలీ,
మే 27

ప్రియమైన జోసఫిన్‌కి,

తిట్టనన్నావు కాబట్టి రాస్తున్నాను. ఇది మీ అన్నయ్యకి కూడా పూర్తిగా చెప్పలేదు.

చీరాలలో మా అమ్మ మిషన్ స్కూల్ టీచర్ అని నీకు తెలుసు, నా పెళ్లికి ముందే పోయిందనీ తెలుసు. ఆమెకి రెండేళ్లు దగ్గు ఉండేది. దగ్గుతూనే స్కూలుకి వెళ్లేది, దగ్గుతూనే చేపల పులుసు పెట్టేది, దగ్గుతూనే నన్ను తిట్టేది. సుద్దముక్కల పొడి అనుకున్నాం అందరం. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ డాక్టర్ దానికి ఒక పేరు పెట్టాడు. పేరు పెట్టిన మూడు నెలలకి అమ్మ పోయింది. పేరు లేని రెండేళ్లూ నడిచిన మనిషి, పేరొచ్చాక మంచం దిగలేదు.

నాకు పేర్లంటే భయం జోసఫిన్. నవ్వుకో. నీ ఉద్యోగమే పేర్లకి నంబర్లు వేయడం, నీకిది పిచ్చిగా ఉంటుంది. ఆ క్లినిక్‌లో డాక్టర్ ఎన్నాళ్లుగా అని అడిగినప్పుడు నిజం చెబుదామనే నోరు తెరిచాను. రెండు వారాలు అనే మాట బయటికొచ్చింది. ఆయన తేలిగ్గా తలూపాడు, నాకు ప్రాణం లేచొచ్చింది. సిరప్ సీసా పట్టుకుని పార్కింగ్ లాట్‌లో పాట పాడుకున్నాను, రెండు చరణాలు.

జూన్ పంతొమ్మిదికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. డాక్టర్ పేరు అదితి. మీ అన్నయ్యకి వట్టి చెకప్ అని చెప్పాను, ఆయనే డ్రైవ్ చేస్తానన్నారు. ఆ రోజు దాకా వంటింట్లో ఏదో ఒకటి కడుగుతూనే ఉంటాను. ఉన్న గిన్నెలన్నీ తెల్లబడ్డాయి.

లూసీ


నేపర్‌విల్,
జూన్ 15

వదినా,

పరీక్ష పాసయ్యాను. డెబ్బై నాలుగు. దాని గురించి తర్వాత ఎంతైనా గొప్పలు చెప్పుకుంటాను.

మీ భయం నాకు పిచ్చిగా అనిపించలేదు. నవ్వలేదు కూడా. వారాలు ఎన్ని అని అదితిగారు అడుగుతారు. ఇరవై నాలుగు. నేను క్యాలెండర్ చూసి లెక్కపెట్టాను. ఆ ఒక్క సంఖ్య చెప్పండి చాలు, మిగతాదంతా ఆవిడ పని.

పంతొమ్మిదో తేదీ సెలవు పెట్టాను. ఉపవాసం ఉంటాను, ఫోన్‌కి కాదు, అన్నానికి.

జోసఫిన్


షాంటిలీ,
జూన్ 21

ప్రియమైన జోసఫిన్‌కి,

మొన్న ఫోన్‌లో పేరు మాత్రం చెప్పి పెట్టేశాను. నువ్వు ఏడుస్తుంటే నాకు మాట్లాడటం రాలేదు. మిగిలింది ఇప్పుడు రాస్తున్నాను.

అదితి చూడటానికి మా చిన్నబ్బాయి వయసు పిల్లలా ఉంది, న్యూజెర్సీలో పుట్టిందట. నన్ను చూడగానే, "ఆంటీ, ఎన్ని వీక్స్ నుంచి?" అని అడిగింది. ఇరవై నాలుగు అన్నాను. అన్నాక కుర్చీ పట్టుకున్నాను. తర్వాత నువ్వు పంపిన కాపీలు ఇచ్చాను. తెలుగు చదవడం రాదంది. దాంతో నా ఉత్తరాలు నేనే ఇంగ్లీషులో చెబుతూ చదవాల్సి వచ్చింది. పాస్టర్‌గారి దగ్గర నవ్వింది, పార దగ్గర మరీ నవ్వింది. ఆమె నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గొస్తే ఆ పిల్ల నవ్వు ఆపి స్టెతస్కోప్ పెట్టి వింది.

ఎక్స్‌రే తీశారు, శుభ్రంగా ఉంది. గొట్టంలోకి ఊదించారు. ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయేమో చూసే మందేదో పీల్పించి మళ్లీ ఊదించారు, ఈసారి సగం ఊపిరి కూడా రాలేదు. అప్పుడు చెప్పింది. ఉబ్బసంలో ఒక రకమట. పిల్లికూతలుండవు, ఆయాసం పెద్దగా కనపడదు, దగ్గు ఒక్కటే ఉంటుందట. పొద్దునా సాయంత్రం ఒక పీల్చే మందు వాడమంది. పేరు ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పింది. ఏడ్చాను.

బాధతో కాదు ఏడ్చింది. ముప్పై ఐదేళ్లుగా నాకు ఆ గుంటూరు డాక్టర్ మీద కోపం. ఆయన పేరు పెట్టి ఉండకపోతే అమ్మ బతికేదని లోపల ఎక్కడో నమ్ముతూనే ఉన్నాను. ఆ గదిలో కూర్చుంటే తెలిసింది. అమ్మకి ఆ పేరు రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. పక్కగదిలో అమ్మ దగ్గుతుంటే పాటలు వినపడటం లేదని రేడియో సౌండ్ పెంచినదాన్ని నేను. అమ్మా, ఎన్నాళ్లయింది నీకు ఈ దగ్గు అని ఒక్కసారి అడగలేదు. ఇదంతా ఆ పిల్లకి చెప్పాను. ఆమె నాకు టిష్యూ డబ్బా మొత్తం ఇచ్చి, తర్వాతి పేషెంట్‌ని పావుగంట ఆగమని కబురు పంపింది.

కారెక్కాక మీ అన్నయ్యకి పేరు చెప్పాను. అన్నీ చెప్పాను, గరాజ్ కూడా. ఆయన తాళం తిప్పలేదు. స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా ఉన్న గోడని చూస్తూ అన్నారు.

"గరాజ్‌లో నువ్వు దగ్గిన ప్రతిసారీ వినపడేది లూసీ. జనవరి నుంచి వింటున్నాను. అడిగితే నువ్వేం చెబుతావోనని భయమేసి, టీవీ సౌండ్ పెంచేవాణ్ని."

ఆయన చేయి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. ఇక నుంచి అడగండి, అన్నాను.

ఇంటికొచ్చేదాకా ప్రతి సిగ్నల్ దగ్గరా అడిగారు.

నీ వదిన,
లూసీ